మేస్త్రి మెడలో గంట

మా బావ చేసిన పని చెప్పాలంటే ముందు అతని పేరు చెప్పాలి. తల్లిదండ్రులు పెట్టిన పేరు అతనికైనా గుర్తుందో లేదో. మా పేటలో చిన్నా పెద్దా అందరికీ అతను సర్దుబాటు. ఎదుటివాడి దగ్గర ఏదైనా కావాల్సి వస్తే "కాస్త సర్దవోయ్" అంటాడు. తన దగ్గర నుంచి ఏదైనా పోవాల్సి వస్తే "ఈసారికి సర్దుకోవోయ్" అంటాడు. ఈ రెండు మాటల మీదే ఇంతకాలం నడిపేశాడు. మా అక్క మొగుడు. నన్ను ముంచింది అతనే. ఎవరి ముందు చెప్పమన్నా ఇదే చెబుతాను.

నేను ఆరో తరగతిలో బడి మానేశాను. ఇటుకలు మోశాను, లారీల మీద క్లీనరుగా తిరిగాను, ఒక పెద్ద కోళ్ళఫారంలో పెంట ఎత్తాను, పిండిమరలో గోతాలు మోశాను. నడుం వంగేదాకా చేస్తే మిగిలింది ఇంటికి ఎదురుగా, రోడ్డుకు అవతల ఉన్న నేల ఒక్కటే. ఇక ఒకడి కింద పని చేయకూడదనుకుని, ఇంటి వెనక షెడ్డు వేసి గుడ్లపెట్టలు పెంచుదామనుకున్నాను. పెట్టుబడి బావ ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. ఆ నేల తన పేరున రాయించుకున్నాడు.

"కాగితందేముందిరా బామ్మర్దీ," అన్నాడు సంతకాలయ్యాక, పెన్ను జేబులో పెట్టుకుంటూ. ఆ పెన్ను నాది. "నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే. పెట్టలు గుడ్డుకొచ్చాయంటే ఏడాదిలో నా బాకీ తీరిపోతుంది. ఆ మర్నాడే మళ్ళీ నీ పేరున రాసిచ్చేస్తా."

అంటే కోళ్ళు ఏడాది నిలబడితే నేల నాది. నిలబడకపోతే బావది. ఆ ఏడాదంతా పొద్దున లేస్తూనే, మొహం కూడా కడుక్కోకముందే, నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే.

ఉన్నవి మూడు వందల పెట్టలు. అన్నిటినీ కొన్న దాణా మీదే పెంచితే గిట్టుబాటు కాదు. అందుకని పొద్దున్నే వాటిని రోడ్డు దాటించి ఆ నేలలో వదిలేవాళ్ళం. పురుగూ పుట్రా ఏరుకుని, పచ్చగడ్డి పీక్కుని తిని, సాయంత్రానికి తిరిగొచ్చేవి. చిక్కల్లా రోడ్డు దగ్గరే. కంకర లారీలు తిరిగే రోడ్డది. మూడు వందల కోళ్ళను దాన్ని దాటించడమంటే, బస్సు దిగిన పెళ్ళివాళ్ళందరినీ ఒకే మాట మీద నడిపించడం లాంటిది. సగం ముందుకొస్తే సగం వెనక్కి పరిగెత్తేవి.

ఉపాయం మా ఆవిడ కనిపెట్టింది. మందలో ఒక గోధుమరంగు పెట్ట ఉండేది. ఎక్కడికి పోయినా ముందు అదే. మా ఆవిడ పాత చేతిసంచి తోలు పట్టీ కోసి, రెండు పొరలు కలిపి కుట్టి, దానికి చిన్న ఇత్తడి గంట బిగించి ఆ పెట్ట మెడకు కట్టింది. కొద్దిరోజులకే గంట ఎటు మోగితే మంద అటు నడవడం నేర్చుకుంది. ఆ పెట్టకు మేస్త్రి అని పేరు పెట్టాం. లారీ డ్రైవర్లకు కూడా అది తెలుసు. "బ్రేకెయ్యరా, మేస్త్రిగారు డ్యూటీకి పోతున్నారు" అని అరిచేవాళ్ళు. అది మాత్రం ఎవర్నీ లెక్కచేయకుండా, చంకలో గొడుగు పెట్టుకున్న పెద్దమనిషిలా తాపీగా నడిచేది. వెనకాల మూడు వందలూ.

బావది వేరే రకం వ్యాపారం. పిల్లల్ని తెచ్చి, గుడ్డుకొచ్చే వయసుదాకా షెడ్డులోనే పెంచి, ఇళ్ళలో పెంచుకునేవాళ్ళకు ఐదూ పదీ చొప్పున అమ్ముతాడు. ఒక సాయంత్రం వచ్చి మా గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు.

"కొనేవాళ్ళు గొణుగుతున్నార్రా. నీ పెట్టలకు బయటికి పోవడం రాదు, పోతే లోపలికి రావడం రాదు అంటున్నారు. మీ మేస్త్రిని ఓ నాలుగు రోజులు పంపు. మావాటికి కాస్త నడక నేర్పుతుంది."

"అది ట్యూషన్లు చెప్పదు బావా."

"కాస్త సర్దరా. జీతం ఇస్తాలే, పూటకో పిడికెడు గింజలు."

మా ఆవిడ లోపల్నించి అందుకుంది. "అది లేకపోతే మావి రోడ్డు దాటవు అన్నయ్యా."

"నాలుగు రోజులు షెడ్డులోనే మేపమ్మా. వాటికి మాత్రం సెలవులుండొద్దూ?" అని నవ్వాడు. తర్వాత నవ్వకుండా నా వైపు తిరిగాడు. "ఒక కోడిని ఇవ్వడానికి ఇంత ఆలోచనా? నీకిచ్చేటప్పుడు నేను ఆలోచించానా?"

 నేల అతని పేరున ఉంది. మేస్త్రిని గంటతో సహా బుట్టలో పెట్టి ఇచ్చాను.

నాలుగు రోజులన్నది వారం దాటింది. చివరికి మా అక్క తెచ్చింది. బుట్ట గుమ్మం బయటే పెట్టింది. లోపలికి రాలేదు.

"రా అక్కా, టీ తాగి పో."

"వద్దురా తమ్ముడూ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చా," అంది. అంటూనే గేటు దాటేసింది. పాలు పొయ్యి మీద పెట్టి రెండు వీధులు నడిచి వచ్చే మనిషి కాదు మా అక్క. అప్పుడే నా మనసు కీడు శంకించింది.

పెద్ద ఫారంలో పెంట ఎత్తినప్పుడు నేను నేర్చుకున్నది ఒక్కటే. బయటికి పోయివచ్చిన కోడిని నేరుగా మందలో కలపకూడదు. ఎంత సొంత కోడైనా సరే. ఇంటి పక్కన మేం వాడని పాత స్నానాలగది ఒకటుంది. షెడ్డుకు దూరం. అందులో ఊక పరిచి, వేరే గిన్నెలు పెట్టి, మేస్త్రిని అక్కడ వదిలాను. గంట శబ్దం విని షెడ్డులో ఉన్నవన్నీ జాలీ దగ్గరికొచ్చి గోల పెట్టాయి. ఇది మాత్రం బదులు పలకలేదు. ఒక మూల నిలబడి మెడ లోపలికి లాక్కుంది.

మర్నాటికి దాని తమ్మెలు ఉబ్బిపోయాయి. గడ్డం కింద వేలాడే ఆ ఎర్రటి తోలు నీలంగా, వేడిగా, ఉడికించినట్టుంది. కళ్ళు మూసుకుని తూలుతోంది. నోట్లోంచి జిగట తీగలా సాగి మెడ మీదికీ, పట్టీ మీదికీ కారుతోంది. రెట్ట ఆకుపచ్చగా, నీళ్ళలా ఉంది. నీళ్ళ గిన్నె ముందు నిలబడి కూడా తాగలేకపోతోంది. ముక్కు ముంచుతుంది, తల ఎత్తుతుంది, మింగలేదు.

నేను చేయాల్సిందంతా చేశాను. ముందు మంచి కోళ్ళ పని. దాణా, నీళ్ళు, గుడ్లు ఏరడం, అంతా అయ్యాకే జబ్బుకోడి దగ్గరికి పోవడం. దాని దగ్గరికి పోయేటప్పుడు వేరే చెప్పులు, వేరే చొక్కా. వచ్చాక చొక్కా వేడినీళ్ళలో, చేతులు సబ్బుతో మోచేతులదాకా. మళ్ళీ షెడ్డు వైపు తొంగిచూడను కూడా చూడను. షెడ్డు గుమ్మం ముందు సున్నం పోశాను, దాంట్లో కాలు పెట్టకుండా లోపలికి పోవడానికి వీల్లేకుండా. మా ఆవిడ నీళ్ళ డబ్బాలన్నీ తోమి బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో ముంచి తీసింది.

"ఆస్పత్రిలో కూడా ఇంత మడి ఉండదు," అంది చేతులు చూపించి. వేళ్ళన్నీ ముడతలు పడి ఉన్నాయి.

అప్పుడు బావ దగ్గరికి పోయాను. షెడ్డు బయటే ఆగాను. లోపల తొట్టెల్లో నీళ్ళు పచ్చగా ఉన్నాయి, మందు కలిపిన రంగు. షెడ్డు వెనక కొత్తగా తవ్విపూడ్చిన మట్టి. ఒక కుక్క దాన్ని గీరుతోంది. బావ నాతో మాట్లాడుతూనే రాయి తీసి దాని మీదికి విసిరాడు.

"మేస్త్రికి జబ్బు చేసింది బావా."

"ముసల్దైపోయిందిరా."

"నీ కోళ్ళకేమైంది?"

"నా కోళ్ళకేం? రాజాల్లా ఉన్నాయి."

"మరి ఆ మట్టి కింద ఎవరున్నారు?"

కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒకటీ అరా పోతాయిరా, ఎవరి షెడ్డులో పోవు? కాస్త పడిశంలాంటిది వచ్చింది. మందేశాను. సర్దుకుంది."

"మేస్త్రిని నా దగ్గర్నుంచి తీసుకుపోయేటప్పటికే వచ్చిందా?"

"అప్పుడే మొదలైంది."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు కంగారుపడవూ?" అన్నాడు. నా మేలు కోరి దాచినట్టు.

ఇంటికొచ్చి మేస్త్రిని నేనే చంపాను. అది బతకదని తెలిసిపోయింది, బతికినంతసేపూ రోగం కారుతూనే ఉంటుంది. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని మెడ నులిమాను. చెయ్యి పడేసరికి కళ్ళు తెరిచి చూసింది, మళ్ళీ మూసుకుంది. పిల్లప్పట్నుంచి పెంచిన కోడి. పట్టీ విప్పి మేకుకు తగిలించాను. కోడినీ, ఊకనూ, గిన్నెలనూ ఇంటి వెనక మూల లోతైన గుంతలో పడేసి, మీద సున్నం పోసి మట్టి కప్పాను. మా ఆవిడ దూరం నుంచే చూసింది. రావద్దన్నాను కాబట్టి రాలేదు.

మందలో ఒక్కదానికీ ఏమీ కాలేదు. రోజూ ఒక్కొక్కదాని మొహం చూసేవాణ్ణి. తుమ్ము వినిపిస్తే లేచిపోయి చూసేవాణ్ణి. ఏమీ లేదు. రోగం మా గోడ దాకా వచ్చి ఆగిపోయిందనుకున్నాను.

కానీ మంద ఎన్నాళ్ళు షెడ్డులో ఉంటుంది? దాణా బస్తాలు కరిగిపోతున్నాయి. మేత తగ్గించేసరికి ఒకదాని ఈకలు ఒకటి పీక్కోవడం మొదలుపెట్టాయి. గుడ్లు పడిపోయాయి. ఒక పొద్దున గింజల డబ్బా గలగలలాడించుకుంటూ నేనే ముందు నడిచాను. రోడ్డు దాకా వచ్చాయి. మధ్యలోకి రాగానే లారీ హారను కొట్టింది. మేస్త్రి ఉంటే అది నడుస్తూనే ఉండేది, ఇవీ నడిచేవి. నేను మేస్త్రిని కాదు. నలువైపులా చెదిరిపోయాయి. లారీవాడు బ్రేకు వేశాడు గానీ ఏం లాభం? పదకొండు పెట్టలు తారుకు అంటుకుపోయాయి. డ్రైవరు దిగి తల పట్టుకున్నాడు.

"మేస్త్రి ఏదన్నా?"

"పోయింది."

"అయ్యో," అన్నాడు, మనిషి పోయిన ఇంటి ముందు అన్నట్టు.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ పాత స్నానాలగది లోంచి గంట తెచ్చింది.

"మందలో బక్కది ఒకటుంది చూడండి, మేస్త్రి పక్కనే నడిచేది. దానికి కడదాం. గంట వింటే మిగిలినవి వాటంతటవే వస్తాయి."

"అది జబ్బుకోడి మెడలోది."

"అందుకే కదా శుభ్రం చేయబోతున్నా."

గంటను మరిగిన నీళ్ళలో పడేట్టు పట్టుకుని, బూడిదతో రుద్ది, బ్లీచింగు నీళ్ళలో జాడించింది. ఇత్తడి కొత్తదానిలా తళతళలాడింది. తోలు పట్టీని మాత్రం నీళ్ళలో ముంచలేదు. వేడినీళ్ళు తగిలితే తోలు బిగుసుకుపోతుంది, కోడి మెడ కోస్తుంది. అంతకు ముందు ఏడాది ఒక చెప్పుల జత అలాగే పాడైంది మాకు. అందుకని పట్టీని తడిగుడ్డతో తుడిచి, దండెం మీద ఎండలో వేసింది. నేను చూశాను. నాకూ తప్పనిపించలేదు. గంటే కదా మోగేది, గంటే కదా కనిపించేది. నా కన్ను దాని మీదే ఉంది.

బక్కది మొదట మెడ విదిలించింది, కాసేపటికి అలవాటు పడింది. మర్నాడు గంట మోగగానే మంద మొత్తం కదిలింది. రోడ్డు ఒక్క వరసలో దాటింది. మా ఆవిడ అవతలి గట్టున నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తున్నావా అంటే దుమ్ము అంది.

కోళ్ళకు మెరిసేది ఏది కనిపించినా పొడిచే గుణం ఉంది. కొత్తగా మెరుస్తున్న గంటను చూసి, మేత దగ్గర పక్కనున్నవన్నీ బక్కదాని మెడ మీద పొడిచేవి. నేనూ చూశాను. కొత్త అధికారికి దండాలు పెడుతున్నాయని నవ్వాను.

మొదట బక్కదే పడింది. పొద్దున తలుపు తీసేసరికి గంట కింద మెడ వాల్చి పడుంది, తమ్మెలు నీలంగా ఉబ్బి. దాని పక్క కర్ర మీద పడుకునేవి ఆ తర్వాత. సాయంత్రానికి షెడ్డులో గుడ్ల బుట్టతో తిరగాల్సినవాణ్ణి గోతాం పట్టుకుని తిరిగాను. కొన్ని నడుస్తూ నడుస్తూ పడిపోయేవి. కొన్ని గుడ్డు పెట్టే గూట్లోనే చచ్చాయి, కింద గుడ్డు ఇంకా వెచ్చగా ఉండగానే.

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మను పిలిచాను. చిన్న వయసు మనిషి, తక్కువ మాట్లాడుతుంది. చచ్చినవాటిని కోసి లోపల చూసింది. షెడ్డంతా తిరిగింది. సున్నం చూసింది, డబ్బాలు చూసింది, వేరే చెప్పులు చూసింది. నేను మొదటినుంచీ చేసిందంతా చెప్పాను, మేస్త్రి ఎక్కడికి పోయి వచ్చిందో అది తప్ప. రోగం పేరేదో చెప్పింది. నా నోటికి రాలేదు.

"ఇంత జాగ్రత్త పడ్డారు. మరి లోపలికి ఎలా వచ్చింది?" అంది తనలో తను అనుకున్నట్టు. తర్వాత బక్కదాని మెడ దగ్గర ఆగింది. "ఈ పట్టీ దీనిదేనా?"

మా ఆవిడ చెప్పింది. ఎవరిదో, ఎప్పుడు విప్పారో, ఎలా శుభ్రం చేసిందో అంతా. చెబుతూ చెబుతూ ఆమె గొంతు నెమ్మదించింది. డాక్టరమ్మ బ్లేడుతో పట్టీ కుట్లు తెంపింది. రెండు పొరల మధ్య నల్లటి జిగురు, ఇంకా తడిగానే ఉంది. తోలు లోపల ఎండ తగల్లేదు, నీళ్ళు తగల్లేదు.

"తోలు పాడవుతుందని..." అంది మా ఆవిడ. 

"ఎవరికీ తట్టదమ్మా," అంది డాక్టరమ్మ. ఆ మాట మెత్తగానే అంది. తర్వాత చెప్పింది మాత్రం మెత్తగా లేదు. "బతికినవి కూడా రోగం మోస్తూనే ఉంటాయి. అన్నిటినీ తీసేయాలి. రేపు పొద్దున్నే మనుషులతో వస్తాను. ఇంటికి దూరంగా పెద్ద గుంత కావాలి."

"రోడ్డుకు అవతల ఉంది నేల," అన్నాను.

"సరే. ఇంకో సంగతి. ఆ మొదటి కోడికి ఇది ఎక్కడ అంటింది? బయటికేమన్నా పోయిందా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది.

"గుర్తు చేసుకుని చెబుతా," అన్నాను.

డాక్టరమ్మ నన్ను కాసేపు చూసింది. "గుర్తు చేసుకోండి. ఎక్కడ అంటిందో ఆ షెడ్డు కూడా ఖాళీ చేయించాలి. అక్కడినుంచి కోళ్ళు నాలుగిళ్ళకు పోతే ఆ నాలుగిళ్ళూ ఇలాగే అవుతాయి."

పొద్దు వాలకముందే బావా అక్కా వచ్చారు. వార్త అంత తొందరగా ఎవరు మోశారో. బావ ఈసారి మెట్టు మీద కూర్చోలేదు. లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఏం చెప్పావు డాక్టరమ్మకు?"

"ఇంకా ఏం చెప్పలేదు."

"బతికించావు. విను. రేపు పొద్దున్నే నా పెట్టలు వ్యానెక్కుతున్నాయి. ముప్ఫై నలభై ఇళ్ళవాళ్ళు అడిగి ఉన్నారు. అవి పోయాయంటే నాకు ఊపిరొస్తుంది. నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. మేస్త్రి మీ గేటు దాటలేదు. అంతే."

"దాటకపోతే రోగం ఎలా వచ్చింది?"

"నీ పెళ్ళాం అజాగ్రత్త అను. ఆడమనిషి, చదువులేదు, తెలీక ఏదో చేసింది అను. పట్టీ ఉండనే ఉందిగా సాక్ష్యం. డాక్టరమ్మ నమ్మేస్తుంది."

మా ఆవిడ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె ఎదురుగానే అన్నాడు.

"చెబితే?" అన్నాను.

"ఎల్లుండే నీ నేల నీ పేరున రాసిచ్చేస్తా. బాకీ అడగను. మీ అక్క మీద ఒట్టు."

అక్క నా చెయ్యి పట్టుకుంది.  "ఒరేయ్ తమ్ముడూ, మా షెడ్డు మూసేస్తే మేం వీధిన పడతాంరా. నువ్వెలాగూ పోగొట్టుకున్నావు. మేం కూడా పోతే నీకు వచ్చేదేంటి?"

"ఆ కోడిని తెచ్చిన రోజు నీకు తెలుసా అక్కా?"

చెయ్యి వదిలేసింది. "తెలుసు," అంది. "చెప్పొద్దన్నారు."

అప్పుడు మాట్లాడింది మా ఆవిడ. "నా పేరే చెప్పండి," అంది నాతో. "అబద్ధమేం కాదు కదా. కట్టింది నేను. ఎవరో ఏదో అనుకుంటే నాకు ఒరిగిపోయేదేం లేదు. నేలైనా దక్కుతుంది."

"చూశావా, ఆవిడకున్న బుద్ధి నీకు లేదు," అన్నాడు బావ. నా భుజం తట్టి నవ్వాడు. నేను మాట్లాడకపోవడం చూసి ఒప్పుకున్నాననుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, గుడ్ల బుట్టలో మంచివి నాలుగు ఏరి జేబుల్లో వేసుకున్నాడు.

"అవి కూడా పూడ్చాలి బావా."

"ఉడికిస్తే ఏమవుతుందిరా," అన్నాడు.

పొద్దున్నే డాక్టరమ్మ మనుషులతో వచ్చింది. మొహాలకు గుడ్డలు, చేతులకు తొడుగులు. ముందు గుంత తవ్వారు, రోడ్డుకు అవతల, నా నేలలో. తర్వాత షెడ్డులో పని మొదలుపెట్టారు. మిగిలినవి నూట అరవై దాకా ఉన్నాయి. బాగున్నవి కూడా. అవే ఎక్కువ గోల చేశాయి. ఒక్కొక్కదాన్ని పట్టుకుని నులిమి గోతాంలో వేస్తున్నారు. నేను కూడా చేశాను. నా కోళ్ళు, వేరేవాళ్ళ చేతుల్లో ఎందుకు కొట్టుకోవాలి? కొన్ని నా చెయ్యి చూసి గింజలనుకుని దగ్గరికొచ్చాయి.

గోతాలు బండి మీద వేసి రోడ్డు దాటించారు. కంకర లారీలు ఆగాయి. ఎవరూ హారను కొట్టలేదు.

డాక్టరమ్మ గుంత ఒడ్డున సున్నం పోయిస్తూ నా వైపు తిరిగింది.

"గుర్తొచ్చిందా?"

ముప్ఫై నలభై ఇళ్ళ గురించి ఆలోచించి చెప్పానని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఆ ఇళ్ళవాళ్ళెవరో నాకు తెలీదు, వాళ్ళ కోళ్ళు బతికినా చచ్చినా నాకు లెక్క లేదు. అవతలి ఒడ్డున మా ఆవిడ నిలబడి ఉంది. చేతులు కొంగులో దాచుకుంది, బ్లీచింగుకు తోలు ఊడిపోయిన ఆ చేతులు. అజాగ్రత్త అనమన్నాడు వాడు ఆ చేతుల్ని.

"మా బావ షెడ్డుకు పోయి వచ్చింది," అన్నాను. "వారం పైగా అక్కడుంది. అప్పటికే అక్కడ కోళ్ళు చస్తున్నాయి. షెడ్డు వెనక తవ్వి చూడండి. వ్యాను ఈ పాటికి ఎక్కిస్తుంటారు, తొందరగా పొండి."

ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇద్దరు మనుషుల్ని తీసుకుని జీపెక్కింది.

బావ పెట్టలు సగం వ్యాన్లో, సగం గంపల్లో దొరికాయట. అన్నీ తీసేశారు. షెడ్డుకు తాళం వేసి సీలు కొట్టారు. మా అక్క వీధిలోకొచ్చి నన్ను పేరు పెట్టి తిట్టిందని, మట్టి తీసి మా ఇంటి వైపు విసిరిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఆమె మా గుమ్మం తొక్కలేదు.

ఆ పూట మా ఆవిడ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"చెప్పారా?"

"చెప్పాను."

"నా పేరు చెబితే పోయేది కదా."

"పోయేది."

 తిన్నాక కంచాలు తీసి, అలవాటు కొద్దీ, మిగిలిన మెతుకులు కోళ్ళకని ఒక గిన్నెలో వేసింది. వేశాక చూసుకుంది. ఆ గిన్నె పట్టుకుని పెరట్లో చాలాసేపు నిలబడింది.

బావ పెద్దమనుషుల్ని పిలిచాడు. వాళ్ళు నన్నే తప్పుపట్టారు. సొంత అక్క కాపురం కూల్చినవాడికి ఎవరు వత్తాసు వస్తారు? గడువు దాటింది, బాకీ తీరలేదు, కాగితం అతని పేరున ఉంది. నేను ఒక్కటే అడిగాను.

"రోగం తెచ్చింది ఎవరు?"

"మెడకు కట్టింది ఎవరు?" అన్నాడు బావ.

వాళ్ళందరూ తలలూపారు. పట్టీ సంగతి అప్పటికి ఊరంతా తెలుసు. డాక్టరమ్మను పిలిపించమన్నాను. ప్రభుత్వపు మనిషికి ఇంటి గొడవలతో ఏం పని అన్నారు.

కొలతలవాడు గొలుసు పట్టుకుని వచ్చినరోజు నేను కూడా పోయాను, ఒక అడుగు ఎక్కువ కొలవకుండా చూసుకోవడానికి. గుంత దగ్గరికి వచ్చేసరికి వాడు ఆగాడు. మట్టి ఇంకా దిగబడుతోంది.

"ఈ మూల వదిలేద్దామా?" అన్నాడు బావను చూసి.

"ఎందుకు వదలాలి? అదీ కలిపే రాసింది," అన్నాడు బావ.

కలిపే కొలిచారు. రోడ్డు వైపు ముఖం, మూడు వైపులా నేను పాతిన కంచె, కోళ్ళ గుంత ఉన్న మూలతో సహా, ముప్పావు ఎకరం మీద తొంభై గజాలు.